మచ్చలున్న ఆకుల మేడమ్

నల్గొండ కాలేజీలో మాకు బాటనీ చెప్పిన మేడమ్ మొన్న పోయారు. కబురు అందినప్పుడు నేను అంగడిలో మచ్చలున్న చిక్కుడుకాయలను ఏరి పక్కన పెడుతున్నాను. మేడమ్ అయితే ముందు అవే తీసుకునేవారు.

అందరూ నిగనిగలాడే ఆకులను ఎండబెట్టి దాస్తే, ఆమె బీరువా నిండా రోగమొచ్చిన ఆకులే. ఎనభైల చివర్లో, క్లాసులో కుదురుగా కూర్చోలేని నన్ను చూసి, "నీ కాళ్లు ఊకుండవు గద, నడువు" అని వెంట బస్సెక్కించుకునేవారు. మర్రిగూడలో ఒక ఆముదం రైతు మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"మంచి ఆకులుండంగ గీ మచ్చలయెందుకు మేడమ్? మందు చెప్తవా?"

"ముందుగాల గిది ఏ బూజో తెల్వాలె పెద్దయ్యా. పేరు తెల్వకుంట మందెట్ల చెప్త?"

"పేరు పెట్టనీకె వచ్చినవా? అయితె తొట్లె కట్టమంటవా?"

బూజుకు ఉయ్యాల కట్టి బారసాల చేయాలా అన్న ఆ మాటకు మేడమ్ తిరిగొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

మర్రిగూడ ఆకు మీది బూజు వేరు, తాను ఎన్నడో మక్తల్ నుంచి తెచ్చిన ఆముదం ఆకు మీది బూజు వేరు అని ఆమె వాదన. మైక్రోస్కోపులో రెండూ ఒక్కలాగే ఉండేవి. తోటి లెక్చరర్లు ఎగతాళి చేసినా, మర్రిగూడ బూజుకు మందు దొరికినా తగ్గలేదు. మక్తల్ దానికి సొంతంగా పేరు కూడా పెట్టుకున్నారు.

తర్వాత నేను హైదరాబాదులో ఒక ల్యాబులో చేరాను. ఎండిన పాత ఆకుల నుంచి కూడా బూజు డీఎన్ఏ తీసి పోల్చవచ్చని ఆమెకు చెప్పాను. కానీ ఆకును కోయాలి. మక్తల్‌ది ఆ ఒక్క ఆకే ఉంది.

"మీ మాట తప్పని తేలితే మేడమ్?"

"తేలనీ. గిన్నేండ్లసంది నేనే మాట్లాడుతున్న. ఇగ దాన్ని జర మాట్లాడనీ."

బ్లేడుతో చదరంగా చిన్న ముక్క కోసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టారు.

రెండూ ఒకటేనని తేలింది. ఎలా చెప్పాలా అని బస్సులో దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలో నా ముఖం చూడగానే, "ఒక్కటేనా?" అన్నారు. తలూపాను. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

"ఒక్క పిల్లకు రెండు తొట్లెలు కట్టిన్నా? పా, చాయ్ పెట్టు. మర్రిగూడల పనిచేసిన మందు ఇగ మక్తల్ల గూడ వాడి చూడొచ్చు."

చాయ్ మరిగేలోపు రెండు ఆకులనూ ఒకే కాగితం మడతలో పెట్టేశారు. ఇప్పుడు ల్యాబులో ఎవరైనా నా తప్పు పట్టుకుంటే ముందు రోషమొస్తుంది. వెనకాలే ఆ నవ్వు వినిపిస్తుంది.

కబురు విని వాళ్లింటికి వెళ్లినప్పుడు బీరువా తెరిచి ఆ మడత విప్పాను. మక్తల్ ఆకును కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, ఆమె కోసిన చదరంలోంచి రవ్వంత ఎండ వచ్చి కింద ఉన్న మర్రిగూడ ఆకు మీద పడింది.