చుట్టాల బిందె

మొన్న మా అక్క మనవరాలు, తెనాలిలో డిగ్రీ చదువుతున్న పిల్ల, నా మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రభుత్వాలు సైన్సు లెక్కలు చూసి నిర్ణయాలు ఎలా తీసుకుంటాయో నాలుగు పేజీలు రాసి తెమ్మన్నారట, నీళ్ళ పరీక్షల ఆఫీసులో పనిచేసిన నన్ను చెప్పమంది. పేపర్లోకి ఎక్కించుకోదగ్గ మాట ఒక్కటీ నా నోట రాలేదు గాని, సముద్రపు ఒడ్డున ఒక ఊరూ, అక్కడ ఒకరింటి వంటగది మూలన ఉండే ఇత్తడి బిందే కళ్ళముందుకొచ్చాయి.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులు, బాపట్లా రేపల్లే ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉండేవి. మా అబ్బా తెనాలి మార్కెట్ దగ్గర ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు, ఆయన కొడుకునైన నాకు ముప్పై దాటాక బాపట్లలో నీటి పరీక్షల ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. నీళ్ళు బాగున్నాయో లేదో నోట్లో పోసుకుంటే తెలియదా, దానికో ఆఫీసూ జీతమూనా అని అబ్బా నన్ను ఆటపట్టించేవాడు, నేనేమో తెల్లకోటు వేసుకుని మహా గొప్పగా తిరిగేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఉప్పునీటిని తాగే నీరుగా మార్చే కొత్తరకం యంత్రాలు వచ్చాయి, వాటిని తీరం వెంబడి కొన్ని ఊళ్ళలో పెట్టి చూడాలని ప్రభుత్వం అనుకుంది. రేపల్లె వైపుకు ఒక్కటే ఇస్తామన్నారు. అంతకుముందు ఏ పథకమైనా ఎవరి మాట చెల్లితే వాళ్ళ ఊరికి పోయేది. ఈసారి సిఫారసులు పనికిరావు, ఏ ఊరి నీళ్ళు అన్నిటికన్నా ఉప్పగా ఉన్నాయని పరీక్షలో తేలుతుందో ఆ ఊరికే యంత్రం అన్నారు. మా పెద్దసారు పైరవీలంటే ఒళ్ళు మండే మనిషి, ఈ పద్ధతి వచ్చాక ఆయన ముఖంలో వెలుగు చూడాలి. మాకు మనుషులు చాలక ఊరూరికీ సీసాలు పంపి, మీరు తాగే నీళ్ళు పట్టి రేపల్లె బస్సుకివ్వండి అని కబురు పెట్టాం.

అడవులదీవి దాటాక ఉండే ఒక చిన్న బెస్తల ఊరి సీసాలో నీళ్ళు కొబ్బరినీళ్ళంత తియ్యగా తేలాయి. ఆ ఊరికి యంత్రం అక్కర్లేదని రాసుకున్నాం, రోడ్డు పక్కనున్న ఇంకో ఊరికి అది ఖాయమైంది.

కొన్నాళ్ళకు ఖాళీ సీసాలు వెనక్కి తేవడానికి నేను ఆ బెస్తల ఊరికి వెళ్ళాను. సీసా పంపిన పెద్దామె, చేపల గంప మోసి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి గ్లాసు నిండా నీళ్ళిచ్చింది. ప్రాణం లేచొచ్చింది. పోయేముందు ముఖం కడుక్కుందామని బోరింగు కొట్టి పుక్కిలిస్తే నోరంతా ఉప్పు. అదే బోరింగు దగ్గర ఆమె కోడలు, నెలలు నిండిన పిల్ల, తాగడానికని కడవ నింపుకుంటోంది. నాకేమీ అర్థం కాక, ఏంటి పిన్నీ ఇది, సీసాలో పోసిన నీళ్ళు ఎక్కడివి అని అడిగాను.

అక్కడ ప్రతి ఇంట్లోనూ చుట్టాల బిందె అని ఒకటి ఉంటుందట. మంచినీటి కాలువ వచ్చి ఆగే ఊరిదాకా నడిచి వెళ్ళి తెచ్చిన తియ్యటి నీళ్ళు అందులో పోసి మూతపెడతారు. వచ్చిన చుట్టానికీ, జ్వరం వచ్చిన బిడ్డకూ తప్ప ఇంట్లోవాళ్ళు దాని జోలికి పోరు. ఇంతా చెప్పి ఆమె నన్ను వింతగా చూసింది. "గవర్నమెంటోళ్ళు మా ఊరి నీళ్ళు అడిగారు కదా బాబూ, మరి ఆ ఉప్పుకషాయం ఎట్టా పంపుతామండి? మర్యాదగా ఉంటదా?"

బాపట్లలో తిరుగు బస్సు దిగి నేరుగా పెద్దసారు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను.

మర్నాడు ఆయనే స్వయంగా ఆ ఊరికి వచ్చి బోరింగు నీళ్ళు పట్టించారు, పరీక్ష చేస్తే ఆ చుట్టుపక్కల అంతకన్నా ఉప్పనీళ్ళు లేవని తేలింది. కానీ అప్పటికే ఆ రెండో ఊళ్ళో యంత్రానికి సిమెంటు దిమ్మె కట్టేశారు, వాళ్ళ నీళ్ళూ పాడునీళ్ళే, వాళ్ళ పిల్లలూ పిల్లలే. ఒకసారి లెక్క చూసి ఇచ్చినదాన్ని మధ్యలో వెనక్కి తీసుకుంటే రేపటినుంచి మళ్ళీ సిఫారసు చీటీలే వస్తాయని సారు భయం. ఆయనతో గట్టిగానే వాదించాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయనది తప్పని అనలేను, నాది తప్పనీ అనలేను. మలివిడతలో మొదటి యంత్రం ఈ ఊరికే అని రాసి పంపారు. ఆ మలివిడత రాలేదు. ప్రభుత్వానికి ఇంకో కొత్త ఆలోచన వచ్చింది, పథకం పేరు మారింది, మా సారుకు బదిలీ అయింది.

సారు మలివిడత అని రాసి పంపిన వారానికే, ఆ సంగతి ఊళ్ళో చెప్పడానికి నేనే వెళ్ళాను. కోడలికి ఆడపిల్ల పుట్టింది, పచ్చి బాలింతకు నీళ్ళకోసం అత్తగారు తెల్లారకముందే కాలువదాకా నడుస్తోంది. ఈసారికి యంత్రం రాదని చెబితే ఆమె లోపలికి వెళ్ళి, ఆ బిందెలోంచే గ్లాసు ముంచి తెచ్చింది. బాలింతకు తెచ్చిన నీళ్ళు అవి. వద్దంటే నొచ్చుకుంటుంది, తాగితే బాలింతకు తక్కువవుతాయి. ఎలాగో తాగాను.

తర్వాత్తర్వాత నిబంధనలు మారాయి, సీసా నింపే పని ఊరివాళ్ళకు వదలకుండా ఆఫీసువాళ్ళే చేయాలన్నారు. ఇప్పుడైతే బోరుకే మీటరు బిగిస్తే లెక్క దానంతటదే కంప్యూటర్లోకి వెళుతుందట. మంచిదే, మీటరుకు మొహమాటం ఉండదు కదా. పిల్లకు ఇదంతా చెప్పాను, తను రాసుకున్నది రాసుకుంది, నేను చెప్పనిది ఒకటి మిగిలిపోయింది. ఈమధ్య ఆ తీరం వైపు వెళ్ళొచ్చిన కుర్ర ఇంజనీరొకడు అన్నాడు, ఆఫీసర్లు ఎవరొచ్చినా అక్కడివాళ్ళు బోరింగు నీళ్ళే గ్లాసులో పోసి, ముందు మీరు తాగండి సార్, తర్వాత మాట్లాడదాం అంటున్నారట. అదే సరైన పని. ఆ రోజు ఆమె అలా చేసి ఉంటే యంత్రం వాళ్ళకే వచ్చేది. అయినా ఆ మాట విన్నప్పటినుంచీ, మమ్మల్ని చుట్టాలనుకున్న మనుషుల్ని మేం ఎలా పోగొట్టుకున్నామా అని దిగులుగా ఉంది.