మిర్చి బస్తాల మీద వచ్చిన ఉపన్యాసం

భద్రాచలంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా కొత్తగా చేరిన ఆ రోజుల్లో, మైకు చేతికిస్తే చాలు జనాన్ని కదిలించేస్తానని నాకు గట్టి నమ్మకం (అప్పటికి ఎవరూ ఇవ్వలేదు, అది వేరే సంగతి). మా అక్క కూతురు అప్పుడు ఐదో తరగతి. దానికి సికిల్ సెల్. పుట్టుకతో వచ్చే ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. ఉన్నట్టుండి కీళ్లు పట్టేసి పిల్ల విలవిల్లాడేది. ఇలాంటి పిల్లల కోసం పట్నంలో కొందరు డాక్టర్లు పరిశోధన మొదలుపెట్టారని, విరాళాలు కావాలని తెలిసి, మా వీధి బడిలో సభ పెట్టించాను.

సభ రోజు పొద్దున్నే బూర్గంపాడులో పెదనాన్న దగ్గరికి వెళ్లాను. "పైసలు ఇప్పుడు యాడివి బిడ్డా? కల్లంల మిర్చి ఉన్నది, తీస్కపోయి అమ్ముకోండ్రి," అని ట్రాలీ ఆటోకి బస్తాలు ఎత్తించాడు. వేరే చోటు లేక వాటి మీదే కూర్చుని, గోదావరి వంతెన పొడుగునా ఉపన్యాసం వల్లె వేసుకుంటూ వచ్చాను. చెమట పట్టినప్పుడల్లా బస్తాలు పట్టుకున్న ఆ చేతులతోనే మొహం తుడుచుకున్నాను.

వేదికెక్కి "సభకు నమస్కారం" అన్నానో లేదో, కళ్ల వెంట ధార. ముక్కు వెంట కూడా. ముందు వరుసలో ఒక ముసలమ్మ, "ఎంత దుఃఖం దాసుకున్నదో పాపం," అంటూ కొంగు కళ్లకద్దుకుంది. ఆమెను చూసి పక్కవాళ్లూ మొదలుపెట్టారు. అసలు సంగతి చెబుదామంటే తుమ్ములు ఆగవే.

అప్పుడు మా అక్క కూతురు వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"మా చిన్నమ్మ ఏడుస్తలేదు. మిర్చి బస్తాల మీద కూసోనొచ్చింది."

బడంతా ఒకటే నవ్వు. అది తగ్గేదాకా ఆగి, నెమ్మదిగా అంది: "ఏడ్సేది నేను, నొప్పొచ్చినప్పుడు. సూదేస్తరు, తగ్గుతది, మళ్ల వస్తది. అసలుకే రాకుంట చేసే మందు డాక్టర్లు ఎతుకుతున్నరు. నాకు దొరకకపోవచ్చు. నా ఎన్క పుట్టెటోళ్లకన్న దొరకాలె గద."

ఒక హోటలాయన లేచి, బయట ఆగిన మిర్చి ఆటో వైపు చూపిస్తూ, "ఒక బస్తా నాకు. రేటు మీరు చెప్పిందే," అన్నాడు. ఆపైన బేరమాడినవాళ్లే లేరు. పొద్దుగూకకముందే ఆటో ఖాళీ. సభ చూడ్డానికి వచ్చిన పెదనాన్న, "గా మాట్లాడిన పిల్ల మా ఇంటిదే," అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుంటూ తిరిగాడు.

ఆ మందు మా పిల్లలకింకా దొరకలేదు. వెతికేవాళ్లు ఆగలేదు, మేమూ సభలు ఆపలేదు. ఆ పిల్ల ఇప్పుడు ఖమ్మంలో డిగ్రీ చదువుతోంది. నొప్పొస్తే దవాఖానాకు తనే వెళ్లొస్తుంది, మర్నాడు క్లాసుకూ వెళుతుంది. నేనేమో తడబడకుండా మాట్లాడడం నేర్చుకున్నాను, జనం మర్యాదగా వింటారు. అయినా ఒక్కోసారి, ఏమీ తెలియకుండానే అంత పని నెత్తికెత్తుకున్న ఆనాటి నన్ను తలుచుకుంటే నాకే ముద్దొస్తుంది. ఆ తెలియనితనం రమ్మన్నా ఇక రాదు.