మీటరు ఇవ్వనన్నాను

మాచర్లలో మా నాన్నకు మోటార్లు చుట్టే కొట్టు ఉండేది. కాలిన మోటారు విప్పి, మాడిన రాగి తీగ పెరికేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. కాయిళ్ళు మాత్రం ఇంట్లో నేనే చుట్టేదాన్ని. ఆడపిల్ల కొట్లో కూర్చోకూడదు గానీ, ఆడపిల్ల చుట్టిన కాయిలు కొట్లోకి వెళ్ళొచ్చు. అదీ మా ఇంటి న్యాయం.

అంతకుముందు తీగ తెగిందో లేదో చూడాలంటే బల్బుకు రెండు వైర్లు కట్టి, కరెంటు ఉన్న ఆ కొసల్ని కాయిలుకు ఆనించేవాళ్ళు. వెలిగితే బాగున్నట్టు. చెయ్యి జారితే షాకు. నాన్న వేళ్ళ నిండా కాలిన మచ్చలే. ఎనభైల్లో ఆయన గుంటూరు వెళ్ళి మల్టీమీటరు కొనుక్కొచ్చాడు. లోపలి చిన్న బ్యాటరీతోనే ముల్లు కదిలి తీగ సంగతి చెప్పేది. కాయిలును కరెంటుకు తగిలించే పనే లేదు. ఆడవాళ్ళు కరెంటు జోలికి పోకూడదనడానికి మా ఇంట్లో చెప్పే కారణం ఆ రోజుతో పోయింది. ఆ మాట నేను పైకే అన్నాను. నాన్న నవ్వాడు.

తర్వాత ఆయన చూపు మందగించింది. ఆపరేషను చేసినా సన్న తీగ కంటికి ఆనేది కాదు. మగపిల్లలు లేని ఇల్లు కాబట్టి కొట్టు సామానంతా తనకే చెందుతుందని బాబాయి ఒక పొద్దున వచ్చాడు. చుట్టే మిషను బండికి ఎక్కించాడు. మీటరు మాత్రం నా ఒళ్ళో ఉంది.

"ఆడపిల్లవి, దాంతో ఏం చేసుకుంటావే? ఇటియ్యి" అన్నాడు.

"ఇయ్యను బాబాయ్. మిషను కూడా దించు. నాయన కళ్ళకు ఆనకపోతే నా కళ్ళకు ఆనుద్ది."

బాబాయి నాన్న వైపు చూశాడు. నాన్న గోడ పట్టుకుని బండి దాకా వచ్చి మిషను తడిమి చూశాడు. "దించరా" అన్నాడు.

మర్నాడు కొట్టు తలుపు నేనే తీశాను. వచ్చిన రైతులు మీ నాయన లేడా అని అడిగి, నేనున్నానంటే మోటారు దించకుండానే బండి తిప్పుకుపోయేవాళ్ళు. నేను తలుపు ముయ్యలేదు. చివరికి దుర్గి నుంచి ఒకామె ట్రాక్టరు మీద మోటారు తెచ్చింది. మిరపతోట వాడిపోతోందట. "తిరిగితే చాలు. ఎవురు చుడితే నాకేంది" అంది. చుట్టి ఇచ్చాను. తిరిగింది. ఆమె చెప్పగా మరి కొందరు వచ్చారు.

ఆ ఎండాకాలమే గురజాల వైపు నుంచి ఒక పెద్ద రైతు, నేను చుట్టిచ్చిన మోటారే మళ్ళీ కాలిపోయిందని తెచ్చి వీధిలో పడేశాడు. ఆడదాని చేతికిస్తే ఇంతేనని నలుగురూ వినేలా కేకలేశాడు. నేను అక్కడే వీధిలో కూర్చుని మోటారు విప్పాను. మూడు ఫేజుల్లో రెండింటి కాయిళ్ళు నల్లగా మాడాయి. మూడోది చుట్టినప్పటి రంగులోనే ఉంది. ఒక ఫేజు కరెంటు రాకుండా నడిపితేనే అలా కాలుతుంది.

"పద పెదనాయనా, మీ తోటకు పోదాం" అన్నాను.

"నువ్వొచ్చి ఏం చూస్తావు?"

"తప్పు నాదైతే ఊరికే చుట్టిస్తా. నాది కాకపోతే, ఇక్కడ అరిచినట్టే ఇక్కడే చెప్పాల."

మీటరు చంకన పెట్టుకుని ఆయన బండే ఎక్కాను. తోటలో స్టార్టరు దగ్గర మీటరును కరెంటు కొలిచే వైపు తిప్పి, మూడు వైర్లనూ జతజతగా పట్టి చూపించాను. ఒక్క జతకే ముల్లు నిండుగా లేచింది. మూడో వైరు కలిసిన చోటల్లా చచ్చినట్టు పడి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు తీగ ఎప్పుడో పోయింది.

ఆయన మా వీధికి వచ్చి చెప్పలేదు. ఆ మోటారు మాత్రం నా దగ్గరే చుట్టించుకున్నాడు, మరుసటి పంటకు ఇంకోటి తెచ్చాడు. చెప్పాల్సిన మాట ఇంకా బాకీ ఉందని వచ్చినప్పుడల్లా గుర్తు చేశాను. బాబాయి మాత్రం తన మోటారు కాలితే నరసరావుపేట పట్టుకెళ్ళాడు. పట్టుకెళ్ళనీ అనుకున్నాను.

తర్వాత ఒక సంబంధం వచ్చింది. పెళ్ళయ్యాక కొట్టు మూసేస్తావు కదమ్మా అని అబ్బాయి తల్లి మెత్తగానే అడిగింది. ముయ్యనని చెప్పాను. అమ్మ తల కొట్టుకుంది. వాళ్ళు కాఫీ తాగి లేచారు. నేను పట్టుచీర మార్చుకుని కొట్టుకు వెళ్ళాను. దాచేపల్లి వాళ్ళ మోటారు సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చి ఉన్నాను.