జోరుగాలికి జేబురుమాలు

ఆ రోజుల్లో నేను మంచి దూకుడు మీద ఉండేవాణ్ణి. ‘ఆ రోజుల్లో’ అనగానే కిరోసిన్ దీపాల కాలం నుంచి ఎత్తుకుంటాడని చదివేవాళ్లు కాళ్లు బారజాపుకుని కూర్చుంటారు కాబట్టి ముందే చెబుతున్నాను, ఇది మొన్నమొన్నటి సంగతి. అప్పటికే నాకు డెబ్బై దాటాయి. పడుచుదనం అందరికీ ఇరవైల్లోనే వస్తుందని ఎవరో శాసనం రాసిపెట్టినట్టు మాట్లాడతారు గాని, ఇరవైల్లో నేను తాండూరులో ఒక కందుల వ్యాపారి కల్లంలో చాట పట్టుకుని నిలబడి ఉన్నాను. పడుచుదనం వచ్చి భుజం తట్టినా వెనక్కి తిరిగి చూసే తీరిక లేదు. (పాపం అది నన్ను వెతుక్కుంటూ ఊళ్లన్నీ తిరిగి, చివరికి కోట్‌పల్లి ప్రాజెక్టు గట్టు మీద దొరకబుచ్చుకుంది.)

నేను బడికి పోయింది తక్కువ. అక్షరాలు పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను, గాలిని కల్లంలో నేర్చుకున్నాను. రెండింటికీ నాకు గురువు లేడు కనుక నన్ను తప్పుబట్టే అధికారం కూడా ఎవరికీ లేదనేది నా స్థిరాభిప్రాయం. ముఖ్యంగా గాలి విషయంలో. కందులు తూర్పారబట్టినవాడికి తెలుస్తుంది గాలంటే ఏమిటో. గాలి సన్నగా ఉంటే చాటలోంచి పిడికెడు పిడికెడు జారవిడుస్తాం. జోరుగా ఉంటే చాట నిండా ఎత్తి గలగలా కుమ్మరిస్తాం. చిన్న గాలికి చిన్న పని, పెద్ద గాలికి పెద్ద పని. ఇందులో వాదించడానికేమీ లేదు. అయినా ఒక ఆడపిల్ల వాదించింది.

ఆ పిల్ల నా బామ్మర్ది కూతురు. బామ్మర్ది అంటే మా ఆవిడ తమ్ముడు, ధారూర్‌లో కాపురం. ఈ పిల్ల ఎక్కడో సముద్రం ఒడ్డున నీళ్ల ఆటలు నేర్పే చోట కొలువు చేసి, దాన్ని వదిలేసి, ఒక పొడుగాటి బోర్డూ మూడు గుడ్డ మూటలూ వేసుకుని ఇంటికొచ్చింది. బోర్డు కింద నిలువుగా ఒక కడ్డీ, దాని చివర విమానానికున్నట్టు రెండు చిన్న లోహపు రెక్కలు ఉన్నాయి. దాన్ని ఫాయిల్ అంటారట. వేగం అందుకోగానే ఆ రెక్కలు నీళ్ల లోపలే ఉండి బోర్డునూ మనిషినీ నీళ్ల పైకి ఎత్తేస్తాయట. ఆ వేగం ఇచ్చేవే ఈ గుడ్డ మూటలు. ఒక్కోటి విప్పితే పలచటి రెక్క, దాన్నిండా దారాలు, దారాలన్నీ వచ్చి చేరే చిన్న కర్ర ఒకటి. పేరు పారావింగ్. మడిస్తే నడుముకు కట్టుకునే సంచిలో పడుతుంది. మూడూ మూడు సైజులు. నా వీలు కోసం నేను వాటికి జేబురుమాలు, తువ్వాల, దుప్పటి అని పేర్లు పెట్టుకున్నాను.

అసలు చిక్కు ఏమిటంటే, కోట్‌పల్లి నీళ్ల ఒడ్డునే ఉండి ఈ విద్య పదిమందికీ నేర్పాలని పిల్ల కోరిక. కొలువు వదిలేసి వచ్చింది, వేరే ఆధారం లేదు. ఒడ్డున పడవల షెడ్డు నడిపే సాయిబు జాగా ఇస్తేనే ఆ పని సాగుతుంది. ఆయన తాండూరు మనిషే, నాకు పాత పరిచయం. మంచివాడే గాని కళ్లతో చూడనిది నమ్మడు. “దేఖో బేటీ,” అన్నాడు, “గీ నీళ్ల మీద గాలి ఒక్క తీర్గ ఉండది. గట్టు దిక్కు దుమారం, గుట్ట దిక్కు ఆకు గూడ కదల్ది. ఐతారం నాడు అవతలి ఒడ్డుకు పోయి వాపస్ రా. నేను పడవ పంపి గుంజుకొచ్చే పని పడొద్దు. గట్లొస్తే సగం షెడ్డు నీది. పడవ పంపిన్ననుకో, మల్ల నన్నడగొద్దు.”

ఆ ఆదివారం నేను తాండూరులో పొద్దుటి రైలుబండెక్కి ధారూర్‌లో దిగి, అక్కణ్ణుంచి బామ్మర్దితో కలిసి ఆటోలో గట్టు చేరాను. నన్నెవరూ రమ్మనలేదు. (గాలి గురించి తెలిసిన పెద్దమనిషి ఒకడు దగ్గరుండటం మంచిదని నాకే తోచింది.) గాలి నిజంగానే జోరుగా ఉంది. పిల్ల ఏమీ విప్పకుండా ఒడ్డున గొంతుక్కూర్చుని, చాలాసేపు నీళ్లనూ అవతలి గుట్ట మీది చెట్ల కొనలనూ మార్చి మార్చి చూస్తోంది. షెడ్డు దగ్గర జనం పోగయ్యారు. నాకు ఓపిక తక్కువ.

“ఏం జూస్తున్నవ్ బిడ్డా? ఇంత మంచిగ గాలి ఇసురుతుంది, ఆ పెద్దది తియ్యరాదు?”

“పెద్దది గాదు మామా. గాలి ఎంత ఎక్కువుంటే రెక్క గంత చిన్నగుండాలె.”

నాకు ఒళ్లు మండింది. “గదేం లెక్కనే? పంట మస్తు పండిందని చిన్న సంచి వట్టుకపోతరా ఎవరన్న?”

“పంటను సంచిల నింపుకుంటవు మామా. గాలిని నింపుకుంటే అది నిన్నే ఎత్తుకపోతది.”

“మీ బాపు చదివించిన చదువు గిదేనా?”

బామ్మర్దికి సందు దొరికింది. “మా బావకు గాలి మస్తు తెల్సు బిడ్డా. ఎటు దిక్కు గాలొస్తే అటే మాట్లాడ్తడు.”

ఇంత అవమానం జరిగాక ఊరుకుంటే మనిషిని కాను. దుప్పటి మూట నేనే తీశాను. పిల్ల వద్దనలేదు. వద్దంటే వినే రకం కాదని తెలుసు కాబోలు. నెత్తికి తన టోపీ పెట్టింది, నీళ్ల చొక్కా తొడిగింది, ఒడ్డున మెత్తటి బురదలో నిలబెట్టి, “మామా, బరాయించకపోతే చెయ్యి ఇడిసెయ్యి, గంతే, చెయ్యి ఇడిసెయ్యి” అని పదేపదే చెప్పి, కర్ర చేతికిచ్చి రెక్కను వదిలింది.

రెక్క నింపాదిగా విచ్చుకుని తలెత్తి నన్నోసారి చూసింది. అంతే. నా జీవితమంతా గాలి నా ముందు నుంచి పోయింది, పక్క నుంచి పోయింది. మొట్టమొదటిసారి అది నన్ను పట్టుకుంది. భుజాలు ముందు పోయాయి, కాళ్లు తర్వాత పోయాయి, చెప్పులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పంచె తన నిర్ణయం తాను తీసుకుంది. “ఇడువు బావా! ఇడువు!” అని అరుస్తూ బామ్మర్ది వెనక నుంచి నా నడుం వాటేసుకున్నాడు. ఇద్దరం కలిసి బురదలో, కాడికి కట్టిన ముసలి ఎడ్లలాగా (ముందు గుంజేది మాత్రం కంటికి కనబడదు), షెడ్డు ముందు నుంచి, ఫోన్లు ఎత్తిపట్టిన జనం ముందు నుంచి సాగిపోయాం. చెయ్యి వదలాలని నాకు తెలుసు. వదలబుద్ధి కాలేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నా పాదాలు రెండూ నేల విడిచి జానెడు పైకి లేచాయి. బామ్మర్ది బరువుతో సహా. ఆ తర్వాత వేళ్లు వాటంతటవే విడిపోయాయి, ఇద్దరం మోకాల్లోతు నీళ్లలో కూర్చుండిపోయాం.

“లేసిన చూసినవార? జానెడు లేసిన!”

“నువ్వేం లెవ్వలే బావా. నేలనే కిందికి వోయింది. గక్కడ వాలు ఉన్నది.”

(ఈ తగాదా మా ఇద్దరి మధ్య ఇప్పటికీ తెగలేదు.)

పిల్ల పంచె తెచ్చిచ్చి, నా మోచేతులు తిప్పి చూసి, నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంటూ జేబురుమాలు విప్పింది. తర్వాత ఒక పని చేసింది. నీళ్లోడుతున్న దుప్పటిని దులిపి, చుట్టచుట్టి నడుం సంచిలో దోపుకుంది. “గుట్ట కింద గాలి సచ్చిపోతది మామా. గక్కడ గీ చిన్నది నన్ను లేపది. పెద్దది గావాలె” అంది. అంటే ఒక్క గాలికి ఒక్క రెక్క ఎంచుకోవడం కాదు. పోయే దారిలో ఎన్ని గాలులున్నాయో అన్నీ ఒడ్డునే కూర్చుని చదివేసిందన్నమాట.

బోర్డు మీద మోకాళ్లతో కూర్చుంది. చిన్న రెక్క గాలిలోకి లేచి బిగుసుకుంది. లేచి నిలబడింది. బోర్డు నీళ్లను చీల్చుకుంటూ కొంత దూరం పోయి, ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. నీళ్ల పైకి లేచింది! బోర్డుకూ నీళ్లకూ మధ్య మూరెడు వెలుతురు. అలల మీద అంత అలజడి, ఆమె మాత్రం గదిలో నేల మీద నడిచినంత నెమ్మదిగా పోతోంది. నన్ను ఈడ్చి పారేసిన గాలే అది, ఇప్పుడు ఆ పిల్ల చేతిలో దారాల చివర వేలు పట్టుకున్న పసిదానిలా పోతోంది.

గుట్ట దగ్గరికి చేరగానే అనుకున్నంతా అయింది. రెక్క మెత్తబడింది, బోర్డు నీళ్ల మీదికి కూర్చుంది. జనంలో “అయిపాయె” అని ఎవరో అన్నారు. సాయిబు పోయి పడవ తాడు పట్టుకున్నాడు. నేను పోయి ఆ తాడుకు రెండో కొస పట్టుకున్నాను. “జర ఆగు భయ్యా. ఇంకోటున్నది నడుముల.” దూరంగా ఆమె తొందర లేకుండా చిన్నది మడిచి, పెద్దది విప్పింది. అది ఊగింది, వాలింది, మళ్లీ లేచింది. ఆకు కదలని చోట ఎక్కణ్ణుంచి ఏరుకుందో అంత గాలి, బోర్డు మెల్లగా పైకి లేచింది. సాయిబు తాడు వదిలేశాడు.

నేను వదల్లేకపోయాను. ఎందుకంటే ఆమె అవతలి ఒడ్డు తాకి, ఇప్పుడు దుప్పటి పట్టుకుని ఇటు, జోరుగాలి దిక్కు వస్తోంది. ఆ జోరులో ఆ దుప్పటి ఏం చేస్తుందో ఈ లోకంలో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నా ఒంటి మీద బురద ఇంకా ఆరలేదు. “ఇడువు బిడ్డా! పెద్దది ఇడువు! చిన్నది దియ్యి, చిన్నది!” అని గొంతు చిరిగేలా అరిచాను. బామ్మర్ది నా వంక వింతగా చూశాడు. “పొద్దుగాల సంది పెద్దది పెద్దది అని మొత్తుకున్నది నువ్వే గద బావా?” “నోర్ముయ్యిర! జోరుగాలికి జేబురుమాలే!”

నా అరుపు అంత దూరం వినపడే అవకాశం లేదు. ఆమెకు అవసరమూ లేదు. నడిమధ్యలో నీళ్ల రంగు నల్లబడే చోటు ఒకటుంది, జోరుగాలి మొదలయ్యే గీత అది. సరిగ్గా దానికి అవతలే ఆగింది, కూర్చుంది, రెక్క మార్చుకుంది. చిన్న రెక్క గీత దాటిందో లేదో టప్పున బిగిసింది, బోర్డు పైకి లేచింది, చూస్తుండగానే మా ముందుకొచ్చి నీళ్ల మీద వాలింది. సాయిబు ఎదురెళ్లి బోర్డు అందుకున్నాడు. “ఏదో ఒక సగం కాదు బేటీ, నీడ ఉన్న సగం తీస్కో” అన్నాడు.

జనం వెళ్లిపోయారు. సాయంత్రానికి గాలి సన్నబడింది. పిల్ల దుప్పటి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. “మామా, ఇప్పుడు దీని గాలొచ్చింది. వట్టుకుంటవా? గుంజకు. అది అడిగినంత ఇయ్యి.” భయపడుతూనే పట్టుకున్నాను. ఈసారి అది నన్ను ఈడ్వలేదు. పైకి లేచి, నా నెత్తి మీద నిలబడి, ఊపిరి తీసుకున్నట్టు ఒకసారి నిండి ఒకసారి వదులవుతూ ఉండిపోయింది. ఆ ఊపిరి దారాల వెంట దిగి నా వేళ్లలోకి వస్తోంది. ఏళ్లకేళ్లు కందులు పోశాను గాలికి. పొట్టు తీసుకుని తన దారిన పోయేదే గాని ఒక్కనాడూ ఆగలేదు. ఆ సాయంత్రం నా చేతిలో ఆగింది.

“బావా, తాండూరు బండి టైమైతుంది.”

“పోనీ.”

“అక్క నన్నడుగుతది, ఏడ వోయిండని.”

“గాలి ఇడువలేదని చెప్పు.”

బండి పోయింది. ధారూర్‌లో బామ్మర్ది ఇంట్లో పడుకుని, తెల్లారి వెళ్లి మా ఆవిడతో తిట్లు తిన్నాను. ఇప్పుడు మోకాలు మొరాయిస్తోంది, డాక్టరు ఒడ్డున కూడా నిలబడొద్దన్నాడు, పిల్ల ఆయన మాటే విని నా చేతికి రెక్క ఇవ్వడం లేదు. నేను పోయి షెడ్డు నీడలో కూర్చుని, నేర్చుకోవడానికొచ్చిన వాళ్లను ఏ గాలికి ఏది తీయాలో చెప్పి విసిగించి, పొద్దుండగానే స్టేషన్‌కు బయల్దేరుతాను. ఈ మధ్య ఒక్క బండీ తప్పలేదు. బుద్ధి వచ్చిందని మా ఆవిడ సంతోషిస్తోంది. కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ఆ రోజు బండిని పోనిచ్చి గట్టు మీద నిలబడిపోయిన పెద్దమనిషి గుర్తొచ్చి నాలో నేను నవ్వుకుంటాను. ఎదుటి సీట్లో వాళ్లు కొంచెం జరిగి కూర్చుంటారు.