కీసర బస్సు ఆయమ్మకు పౌరసత్వ పరీక్ష

నందిగామలోని ఒక ప్రైవేటు బడి బస్సు రోజూ కీసర వెళ్లి పిల్లల్ని ఎక్కించుకొస్తుంది. ఆ బస్సులో ఆయమ్మ పేరు ఆరోగ్యమ్మ, ఆమెదీ కీసరే. ఏ పిల్లకు ఏ మలుపులో వాంతి వస్తుందో, ఏ తల్లి బస్సు హారన్ విన్నాక జడ వేయడం మొదలుపెడుతుందో ఆమెకు తెలుసు. ఆలస్యం చేసిన తల్లిని తిట్టదు. వీధంతా వినపడేట్టు, "పడుకోనీండి నాయనా, మహారాణిగారికి నిద్ర చాల్లేదంట" అంటుంది. మర్నాడు ఆ తల్లి బస్సు కంటే ముందే వచ్చి నిలబడుతుంది.

ఈ ఏడు బడికి కొత్త ఛైర్మన్ వచ్చాడు. ఆయనకు దేశం మీద ప్రేమ ఎక్కువ, చేతిలో పని తక్కువ. ప్రిన్సిపాల్ నుంచి తోటమాలి దాకా అందరూ ఫోన్లో 'పౌరసత్వ పరీక్ష' రాయాలన్నాడు. తప్పినవాళ్లను జగ్గయ్యపేట బ్రాంచికి పంపుతారట. అక్కడి పిల్లలు చేసిన పాపమేమిటో చెప్పలేదు.

ఆరోగ్యమ్మకు జగ్గయ్యపేట మీద కోపమేమీ లేదు. ఇంట్లో గేదె ఉంది, అదీ సమస్య. అది ఆమె చేతికే పాలిస్తుంది. భర్త ఇశ్రాయేలు దగ్గరికెళితే తంతుంది. కీసర బస్సయితే పాలు పితికి కేంద్రంలో పోసి ఎక్కవచ్చు. జగ్గయ్యపేటకయితే చీకటితోనే బయల్దేరాలి. అప్పుడు ఉద్యోగమైనా మానాలి, గేదెనైనా అమ్మాలి. ఇశ్రాయేలును కొనేవాళ్లు ఎటూ దొరకరని ఆమే అంది.

చదువు బస్సులోనే సాగింది. డ్రైవర్ ఆశీర్వాదం కూడా పరీక్ష రాయాలి కాబట్టి అతనే ప్రశ్నలడిగేవాడు.

"అక్కా, రోడ్డు మీద పర్సు దొరికితే ఏం చేస్తావ్?"

"ముందు ఎవరన్నా చూస్తున్నారేమో చూస్తా."

"పోలీస్ స్టేషన్లో ఇస్తానని చెప్పాలక్కా."

"నువ్విస్తావా?"

"పరీక్షలో ఇస్తా."

వెనక సీట్లలో పిల్లలు పగలబడి నవ్వారు. ఆరోగ్యమ్మకు మాత్రం కిటుకు అర్థమైంది. తాను చేసేది కాదు, ఛైర్మన్ మైకులో చెప్పేది గుర్తుపెట్టుకోవాలి.

పరీక్షల కాలంలో వాళ్ల చర్చిలో పిల్లల పెన్నులకూ హాల్ టికెట్లకూ ప్రార్థన చేసి నూనె రాయడం ఆనవాయితీ. ఆదివారం ఆరోగ్యమ్మ ఫోన్ పట్టుకెళ్లింది.

"దీనికి పెన్ను లేదండి అయ్యగారూ, వేలితో నొక్కటమే."

"అయితే ఫోనుకే రాద్దామమ్మా" అన్నాడు పాస్టర్ ఫ్రాన్సిస్. ముందూ వెనకా ధారాళంగా రాశాడు.

సోమవారం స్టాఫ్‌రూమ్‌లో పరీక్ష. ఒకరికి బదులు ఇంకొకరు రాయకుండా ఫోన్ కెమెరా ముఖాన్ని చూస్తూ ఉంటుంది. ముఖం సరిగా కనపడకపోతే మూడుసార్లు హెచ్చరించి పరీక్ష మూసేస్తుంది. ఆరోగ్యమ్మ తెరవగానే ఫోన్ 'మీ ముఖం స్పష్టంగా లేదు' అంది. కొంగుతో తుడిచింది. నూనె ఇంకా బాగా పరుచుకుంది. రెండో హెచ్చరిక వచ్చింది.

"సారూ! నా మొహం కనపట్టంలేదంటందండీ!"

కాపలా ఉన్న గుమాస్తా భవానీప్రసాద్ ఫోన్ అందుకున్నాడు. అది చేతిలోంచి జారబోయింది.

"ఏందమ్మా ఇది, గారెలు వండావా దీంట్లో?"

"ప్రార్థన నూనె సార్."

భవానీప్రసాద్ ఓ క్షణం ఆలోచించి, జేబులోంచి విభూతి పొట్లం తీశాడు. చిటికెడు కెమెరా మీద చల్లి, రుమాలుతో రుద్దాడు. బూడిద నూనెను పీల్చేసింది. తెర మీద ఆరోగ్యమ్మ ముఖం కనిపించింది.

"మా అయ్యగారికి చెప్పమాకండి సార్" అంది ఆమె మెల్లగా.

"నువ్వు మా పూజారికి చెప్పమాక. ముందు రాయి, టైమైపోతంది."

పర్సు పోలీసులకిచ్చింది. చెత్త బుట్టలో వేసింది. ఓటు అమ్ముకోలేదు. తర్వాతి ప్రశ్న దగ్గర వేలు ఆగిపోయింది. 'మీ వీధిలో ఎవరైనా పశువును రోడ్డు మీద కట్టేస్తే ఏం చేస్తారు?' వాళ్ల వీధిలో సిమెంటు రోడ్డుకు అడ్డంగా ఉండే పశువు ఒకటే, ఆమెదే. కీసరలో ఇంకెవరికీ ఈ పరీక్ష పెట్టకూడదని కోరుకుంటూ, 'పంచాయతీకి ఫిర్యాదు చేస్తాను' నొక్కింది.

సాయంత్రానికి ఫలితాలొచ్చాయి. ప్రిన్సిపాల్ ఆమె చేతికి 'బాధ్యతగల పౌరురాలు' అని రాసిన రంగు కాగితం ఇచ్చి, "పటం కట్టించుకో ఆరోగ్యమ్మా" అన్నాడు.

"అది తర్వాత సార్. నా రూటేందో చెప్పండి."

"కీసరే."

ఆమె కాగితం మడిచి జాకెట్లో దోపుకుని బస్సెక్కింది. ఆశీర్వాదం అద్దంలోంచి చూశాడు.

"సర్టిఫికెట్ చూపించవా అక్కా?"

"చూపిస్తే గేదె పాలు చేపుతుందా? బండి తియ్యి, పితికే టైమైంది."