మెడ దాకా ఫొటో

ప్రొద్దుటూరులో చర్చి వెనక సందులో ఉండే కృపావరం పాత చీరలను ఫోన్లో పెట్టి అమ్ముతుంది. ఏ చీర వచ్చినా ముందు కిటికీ వెలుగుకు పట్టి చూస్తుంది. చిల్లుంటే ఆ చిల్లునే మొదట ఫొటో తీసి పెడుతుంది. అందుకే ముఖం తెలియని వాళ్లు కూడా ఆమెను నమ్మి కొంటారు. మడత పెట్టిన చీరకన్నా కట్టుకున్న చీర తొందరగా అమ్ముడుపోతుందని, తెచ్చినవాళ్లకే కట్టి మెడ దాకా ఫొటో తీస్తుంది. అమ్మింది ఎవరో ఊరికి తెలియకూడదు కదా.

మొన్న లింగాల నుంచి లక్ష్మీకాంతమ్మ తన పెళ్లినాటి కుంకుమరంగు పట్టుచీర తెచ్చింది. పార్టీ కక్షల్లో భర్తను ఎదుటివాళ్లు చంపినప్పటి నుంచి, ఇరవై ఏళ్లుగా, ఆమె తెల్లచీరే కడుతోంది. కట్టుకోమనగానే వెనక్కి జరిగింది.

"నేను కట్టగూడదు పాపా."

"మొగం పడదులేమ్మా. మీరని ఎవురికి తెలుస్తాది?"

కృపావరం పిన్నీసులు పెదవుల మధ్య పట్టుకొని, మోకాళ్ల మీద కూర్చొని, కుచ్చిళ్లు ఒక్కొక్కటే సర్దింది. జరీ అంచు పాదాల మీద వాలింది. లక్ష్మీకాంతమ్మ అద్దంలోకి చూస్తూ పైట సర్దుకుంది. ఫొటో అయ్యాక కృపావరం పిన్నీసు తీయబోతే, చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఇంగొకటి తీయి పాపా, మొగం పడేట్టు. అది యాడా పెట్టొద్దు, నాకియ్యి."