భోజనం ఆపి ఎదురుచూసే ఊరు

నా భార్య రూతు పోయి నాలుగు నెలలైంది. దేవుని రాజ్యం వచ్చేసిందా, ఇంకా రావాలా అని ఆమెను ఎన్నోసార్లు అడిగాను. "మా ఊరి పంట పండుగకు ఒకసారి రండి, తెలుస్తుంది" అనేది. ఎనిమిదేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఆ రాజ్యం అంటూ వస్తే రూతు అందులో ఉంటుందా? ఇది పుస్తకాలలో తేలలేదు. అందుకే మాఘమాసంలో బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు నాంపల్లిలో బీదర్ బండి ఎక్కాను. వికారాబాదులో ఇంజను నీళ్లు పట్టేలోగా చాయ్ తాగవచ్చు, పది నయాపైసలు. కోహీర్‌లో ఒకామె జామకాయల గంప నా కాళ్ల దగ్గరికి తోసింది.

"జర కాళ్లు ముడుసుకో సార్, కాయలు కూసుంటయ్."

"కాయలకు టిక్కెట్ ఉందా?"

"నీకున్నది గద, సాలు."

పదకొండుకు జహీరాబాదు. అక్కడినుంచి ఝరాసంగం వైపు రూతు ఊరికి ఎడ్లబండిలో రెండు గంటలు.

చర్చి అంటే ఒక పెంకుటిల్లు. పండుగ ఆరాధన అయిపోయింది. బయట వరుసగా మోదుగాకు విస్తళ్లలో వేడి జొన్నరొట్టె, పప్పు. అత్తగారు ఏడవలేదు. చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ఆకలిమీద రొట్టె తుంచాను. చూస్తే వరుసలో ఎవరూ విస్తరి ముట్టలేదు.

"ఆగు సార్," అన్నాడు సంఘపెద్ద ఏలియా. "మేకల బాలయ్య ఇంక రాలే. వస్తనన్నోడు వచ్చేదాంక ఈడ ఎవ్వరు తినరు."

"మేకలు సెలవియ్యాలె గద," అన్నారెవరో. నవ్వారు.

రొట్టెముక్క కింద పెట్టి, దేవుని రాజ్యం వచ్చేసిందా, ఇంకా రావాలా అని అడిగాను. ఏలియా విస్తళ్లవైపు చూశాడు.

"బువ్వ వండింది నిజం. వాసన గూడ వస్తున్నది. తింటున్నమా అంటే, లేదు. వచ్చిందనాల్నా, రాలేదనాల్నా? మాకు గింతే ఎరుక."

"మరి ఈలోగా పోయినవాళ్లు?"

అత్తగారు అంది: "నాకు తెల్వది బిడ్డా. ఏటా రూతు ఒక్కతే వచ్చి, మా ఇంటాయన ఎనక బండిల వస్తుండు అనేది. పొద్దుగూకేదాంక నీకోసం కూసునేటోళ్లం. దానికి సిగ్గయ్యేది. మల్ల ఏడాది గట్లనే చెప్పేది."

బాలయ్య మూడింటికి వచ్చాడు. అందరూ తిట్టి, అతనికే ముందు నీళ్లిచ్చారు. తర్వాత తిన్నాం.

రాత్రి అత్తగారింట్లో ఉండి, మర్నాడు పొద్దున తిరుగుబండి ఎక్కాను. రూతు ఎక్కడుందో తెలిసిందని రాస్తే అబద్ధమవుతుంది. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట: ఎడ్లబండి దొరుకుతుంది, తిండికి లోటుండదు. వస్తామని మాత్రం తేలిగ్గా కబురు పంపకండి. అక్కడివాళ్లు నమ్మి కూర్చుంటారు.